తెర చీకటైతే బొమ్మ పోయినట్లేనా?

మన సంస్థలో నియంత్రణ గది విధులు నిర్వహించిన వారందరికీ 'ల్యాంప్ టెస్ట్' మీట సుపరిచితమే. గోడ పొడవునా అమర్చిన హెచ్చరిక ఫలకంలో ఒక గడి వెలగడం లేదంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు. ఆ గడికి సంబంధించిన యంత్రం క్షేమంగా ఉన్నదన్నది మొదటి అర్థం. గడి వెనుక ఉన్న బల్బు మాడిపోయిందన్నది రెండవ అర్థం. ఈ రెంటిలో ఏది నిజమో ఊరక చూచినంత మాత్రాన తెలియదు. అందుచేతనే షిఫ్టు బాధ్యత స్వీకరించే ఉద్యోగి ముందుగా ఆ మీట నొక్కుతాడు. గడులన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. వెలగని గడి ఏదైనా కనిపిస్తే అక్కడ బల్బు మార్పించి, ఆ తరువాతనే లాగ్ పుస్తకంలో సంతకం చేస్తాడు.

కుటుంబ సభ్యులైన పాఠకుల కొరకు ఈ సంగతిని ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉన్నది. ఈనాడు మన ఇండ్లలో చదువుకూ, ఉద్యోగ దరఖాస్తుకూ, బ్యాంకు పనికీ ఆధారమైన ల్యాప్‌టాప్‌కు అటువంటి మీట లేదు. దాని తెర ఒకనాడు మసకబారినా, పూర్తిగా చీకటి పడినా "పోయింది" అనే మాట మన నోట అప్రయత్నంగా వస్తుంది. పోయినది ఏది? బొమ్మ పోయిందా, బొమ్మను చూపించే దీపం పోయిందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోనందువలన ఇంకా నాలుగేళ్ళు పనిచేయగల యంత్రం పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. అంతకన్న విచారకరమైన విషయం, ఆ ఇంటివారు భరించలేని ఖర్చు తలకెత్తుకుంటారు. ఇది నేను కిమ్‌లో కన్నులారా చూచిన సంగతి.

కిమ్‌లో ఒక వానాకాలపు సాయంత్రం

సూరత్ నుండి భరూచ్ వైపు వెళ్ళే రైలు మార్గంలో సాయణ్, కోసంబా స్టేషన్ల నడుమ ఉన్న ఊరు కిమ్. అదే పేరుగల నది ఈ ప్రాంతంలో పారి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. చుట్టూ చెరకు తోటలు, వాటి మధ్య నేత పరిశ్రమకు చెందిన షెడ్లు. సూరత్ లింబాయత్ ప్రాంతంలో వలెనే ఇక్కడ కూడా అక్కడక్కడ తెలుగు మాట చెవిన పడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు తరాలుగా సూరత్ మరమగ్గాలను నమ్ముకుని వచ్చి స్థిరపడ్డాయి. ఉద్యోగరీత్యా ఇక్కడ నివసిస్తున్న నాకు, ఆ కుటుంబాలలో కొన్నింటితో పండుగ పూట పలకరింపుల పరిచయం ఉన్నది.

అటువంటి ఒక కుటుంబపు పెద్ద తన కుమార్తెను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఆ అమ్మాయి చిన్నతనంలో సూరత్ నగరపాలక సంస్థ నడిపిన తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివి, క్రమంగా ఎం.కామ్. దాకా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో తువ్వాలు చుట్టిన ల్యాప్‌టాప్. రెండవ చేతిమీదుగా కొన్నది. మూడు దినాలలో కళాశాలకు సమర్పించవలసిన ప్రాజెక్టు నివేదిక అందులోనే ఉన్నది. మరెక్కడా ప్రతి లేదు.

"నిన్న పొద్దున దాంక మంచిగనే ఉండె సార్. మాపటికి తెర నల్లగైంది. షాపాయన తెర పోయింది, లోపల బోర్డు గూడ పోయిందన్నడు. దీనికి పైసలు పెట్టుడు దండుగ, కొత్తది తీసుకొమ్మన్నడు" అన్నాడు తండ్రి.

కొత్తది కొనడానికి సొమ్మెక్కడిది అని అడుగవలసిన అవసరం లేకపోయింది. సేట్ దగ్గర అడ్వాన్సు అడుగుదామని అనుకుంటున్నట్లు ఆయనే చెప్పాడు. మరమగ్గాల వద్ద పనిచేసేవారికి ఆ మాట బరువు తెలుసు. అడ్వాన్సు తీరేవరకు మరొక షెడ్డులో మంచి కూలి దొరికినా పోవడానికి వీలుండదు. ఒక నల్లని తెర ఆ మనిషిని మరొక సంవత్సరం ఒకే మగ్గానికి కట్టివేయబోతున్నది.

నేను మీట నొక్కాను. లోపల పంకా తిరిగిన సవ్వడి వినిపించింది. క్యాప్స్ లాక్ నొక్కితే దాని చిన్న దీపం వెలిగింది, మళ్ళీ నొక్కితే ఆరింది. కొంతసేపటికి విండోస్ ఆరంభ ధ్వని కూడా వచ్చింది. తెర మాత్రం నల్లగానే ఉన్నది. రోగి కన్నులు తెరవలేదు గాని నాడి బాగానే ఆడుతున్నదన్నమాట. గదిలో దీపం ఆర్పించి మా ఇంటావిడ చేతికి టార్చి ఇచ్చాను. తెరకు జానెడు దూరంలో, ఏటవాలుగా వెలుగు వేసి మెల్లగా పక్కకు జరపమన్నాను. నల్లని తెర లోతులలో, చెరువు అడుగున రాయి కనిపించినట్లు, మసకగా ఒక బతుకమ్మ బొమ్మ కనిపించింది. దాని కింద సంకేత పదం కోరే గడి.

"పోలే నాయినా, ఉన్నది!" అన్నది ఆ అమ్మాయి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదకడమంటే ఇదే. హెచ్.డి.ఎం.ఐ. తీగతో ల్యాప్‌టాప్‌ను మా ఇంటి టీవీకి కలిపాము. మా ఇంటావిడ ఆ రాత్రి ధారావాహికను త్యాగం చేసింది. టీవీ తెరపై నివేదిక తెరచుకున్నది. తక్షణమే దానిని పెన్ డ్రైవులోనికి ఎక్కించి, ఆ పిమ్మటనే మిగిలిన పని చూడమన్నాను. రాత్రి పదకొండు గంటల వరకు ఆ అమ్మాయి టీవీ ఎదుట కూర్చుని చివరి అధ్యాయం ముగించింది. తండ్రి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

అసలు లోపం ఆ రాత్రే కొంతవరకు బయటపడింది. మూతను మెల్లగా వెనుకకు వంచితే ఒకానొక కోణంలో తెర క్షణకాలం వెలిగి ఆరిపోయింది. తెరనూ లోపలి బోర్డునూ కలిపే సన్నని కేబుల్ కీలు వద్ద దెబ్బతిన్నదనడానికి అది బలమైన సూచన. తరువాతి ఆదివారం సూరత్‌లో వేరొక పనివాడు విప్పి చూచి అదే నిర్ధారించాడు. కేబుల్ మార్చిన ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ వెలలో ఇరవయ్యవ వంతు కూడా కాలేదు. అడ్వాన్సు అడుగవలసిన పని తప్పింది.

ఆ మసక బొమ్మ ఎట్లా కనిపించింది?

దీపం లేని తెరలో బొమ్మ ఉండడమేమిటని పాఠకులు సందేహించవచ్చు. నేటి ల్యాప్‌టాప్‌లలో అధిక భాగానికి ఉన్నది ఎల్.సి.డి. తెర, అనగా ద్రవ స్ఫటికపు తెర. ఇది తనంతట తాను వెలుగునివ్వదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం ఉంటుంది, దీపానికీ తెరకూ మధ్య బొమ్మ ఆడుతుంది. దీపం ఆరిపోతే బొమ్మ ఎక్కడికీ పోదు, చూచేవారికి కనిపించదు, అంతే. ఇక్కడ కూడా వెనుక దీపం వేరు, బొమ్మను రూపొందించే పొర వేరు. రెండింటికీ విద్యుత్తు వేరువేరు మార్గాలలో అందుతుంది.

ద్రవ స్ఫటికాల కథ 1888లో మొదలైంది. ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిచ్ రైనిట్జర్, కొలెస్ట్రాల్ నుండి తయారుచేసిన ఒక పదార్థం రెండుమార్లు కరగడం గమనించాడు. 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అది మబ్బుపట్టిన ద్రవమైంది. 178.5 డిగ్రీల వద్ద తేటపడింది. ఆ రెంటి నడుమ ఉన్న స్థితే ద్రవ స్ఫటికం. ద్రవంవలె పారుతూనే, స్ఫటికంవలె అణువులలో ఒక వరుసను నిలుపుకొనే పదార్థం. ఈ రంగంలో మన దేశపు వాటా కూడా చిన్నది కాదు. సర్ సి.వి. రామన్ మేనల్లుడైన శివరామకృష్ణ చంద్రశేఖర్, తన సహచరులతో కలిసి 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో, బిళ్ళల వంటి అణువులతో ఏర్పడే సరికొత్త ద్రవ స్ఫటికాలను కనుగొన్నారు. ఆ జాతి పదార్థాలతో చేసిన పలుచని పొరలు, తెరను పక్కనుండి చూచినా బొమ్మ చెదరకుండా ఉండేందుకు తరువాతి కాలంలో ఉపయోగపడ్డాయి.

తెరలోని ఒక్కొక్క చుక్క వద్ద విద్యుత్ పీడనం మారినప్పుడు ఆ అణువుల వరుస మారుతుంది. ముందు వెనుకల ఉన్న ధ్రువణ పొరల సాయంతో ఆ మార్పు, వెలుగును పోనిచ్చే తలుపుగానో, ఆపే తలుపుగానో పనిచేస్తుంది. ధ్రువణ పొరలు, రంగుల వడపోతలు దాటుకుని మన కంటికి చేరేసరికి వెనుక దీపపు వెలుగులో పదవ వంతు కూడా మిగలదు. అందుచేత ఆ దీపం చాలా ప్రకాశవంతంగా ఉండవలసి వస్తుంది. ఆ దీపం ఆరిపోతే తెర అంతా చీకటి పడినట్లే కనిపిస్తుంది. టార్చి వెలుగు వేసినప్పుడు ఆ కాంతి తెరలోనికి పోయి, వెనుకనున్న తెల్లని పొరపై పడి తిరిగి వస్తూ, తెరచి ఉన్న తలుపుల గుండా మాత్రమే మన కంటిని చేరుతుంది. మనం చూచే మసక బొమ్మ అదే.

పాత ల్యాప్‌టాప్‌లలో వెనుక దీపం పెన్సిల్ కన్న సన్నని గాజు గొట్టం. దానిని వెలిగించడానికి కొన్ని వందల వోల్టులు కావలెను. ఆ పీడనం పుట్టించే చిన్న ఇన్వర్టరు బోర్డు తరచు పాడయ్యేది. గొట్టానికి వయసు మీరితే తెర ఎర్రని ఛాయతో మొదలై ఆలస్యంగా తెల్లబడేది. ఆ తరువాత వాటి స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. నీలి ఎల్.ఇ.డి.పై పసుపు పచ్చని భాస్వర లేపనం వేసి తెల్లని వెలుగు పుట్టిస్తారు. ఆ నీలి వెలుగును సాధించిన జపాన్ సంతతి శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

వరుస తప్పని పరీక్షలు

మన సంస్థలో లోపాన్ని వెదికే పద్ధతి ఒకటే. ఖర్చు లేనిది ముందు, ఖర్చయ్యేది తరువాత. విప్పనవసరం లేనిది ముందు, విప్పవలసినది తరువాత. ల్యాప్‌టాప్‌కు కూడా అదే వరుస వర్తిస్తుంది.

1. తెర పూర్తిగా ఆరిపోక మసకగా మాత్రమే ఉంటే ముందుగా వెలుగును పెంచే మీట చూడండి. సూర్యుని గుర్తుగల ఆ మీటను చాలా యంత్రాలలో ఎఫ్.ఎన్. మీటతో కలిపి నొక్కాలి. పిల్లల చేతిలో అది తగ్గిపోవడం సర్వసాధారణం. చార్జరు తీయగానే బ్యాటరీ పొదుపు కొరకు యంత్రం తానే వెలుగు తగ్గించుకొనవచ్చు. కొన్ని యంత్రాలు గదిలోని వెలుతురును బట్టి తెరను మారుస్తాయి.

2. తెర నల్లగా ఉంటే ప్రాణం ఉన్నదో లేదో చూడండి. పంకా చప్పుడు, క్యాప్స్ లాక్ దీపం, ఆరంభ ధ్వని. ఇవేవీ లేకుంటే లోపం తెరది కాదు, విద్యుత్ సరఫరాదో బోర్డుదో అయి ఉండవచ్చు.

3. చార్జరు తీసి, పవర్ మీటను అర నిమిషంపాటు నొక్కి ఉంచి వదలండి. లోపల నిలిచిన విద్యుదావేశం పోతుంది. తిరిగి చార్జరు పెట్టి ఆరంభించండి. ఈ ఒక్క పనితో తేరుకొనే యంత్రాలు ఉన్నాయి.

4. విండోస్ యంత్రమైతే కంట్రోల్, షిఫ్ట్, విండోస్, బి మీటలను ఒకేసారి నొక్కండి. చిత్రాలను నడిపే ప్రోగ్రాము తిరిగి మొదలవుతుంది. ఆరంభంలో తయారీదారుని చిహ్నం చక్కగా కనిపించి, విండోస్ వచ్చేసరికి తెర చీకటి పడుతున్నదంటే దీపం, కేబుల్ బాగానే ఉన్నట్లు. చికిత్స చేయవలసినది సాఫ్ట్‌వేరుకు.

5. గది చీకటి చేసి టార్చి పరీక్ష చేయండి. మసక బొమ్మ కనిపిస్తే లోపం వెనుక దీపానిదో, దాని సరఫరాదో.

6. టీవీకో మరొక మానిటరుకో కలిపి, విండోస్ మీటతో పి నొక్కి చూడండి. అక్కడ బొమ్మ వస్తే బోర్డులో ప్రధాన భాగం క్షేమం. అక్కడా రాక, టార్చిలోనూ కనిపించకుంటే మెమొరీ పలకను తీసి మళ్ళీ అమర్చడం మొదలు బోర్డు మరమ్మతు వరకు ఆలోచించవలసి ఉంటుంది.

7. మూతను మెల్లగా వేరువేరు కోణాలలో నిలిపి చూడండి. తెర వెలిగి ఆరుతుంటే అనుమానం కీలు వద్ద కేబుల్ మీద. రోజుకు పదిమార్లు మూత తెరచి మూస్తే వేల పర్యాయాలు వంగేది ఆ కేబులే.

8. మూత మూసినట్లు యంత్రానికి తెలియజేసేది ఒక చిన్న అయస్కాంతం. అయస్కాంతపు కొక్కెం గల ముంజేతి పట్టీ గాని, ఫోను తొడుగు గాని అంచు వద్దకు వస్తే, మూత మూశారనుకుని యంత్రం తెర ఆర్పివేయవచ్చు. ఇది తెలియక దుకాణానికి పరుగెత్తేవారు ఉన్నారు.

ఈ పరీక్షలకు పావుగంట చాలు. ఒక్క స్క్రూ విప్పనవసరం లేదు.

చేయకూడనివి

ఇక్కడినుండి పని తెలిసినవారిది. విప్పవలసి వస్తే చార్జరు తీయడమే గాక లోపలి బ్యాటరీ కనెక్టరును కూడా ముందుగా ఊడదీయాలి. తెర కేబుల్‌లో బొమ్మను మోసే సున్నితమైన తీగలు, దీపానికి సరఫరా తెచ్చే తీగలు పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీ కలిపి ఉండగా ఆ కేబుల్‌ను వంకరగా లాగినా, పెట్టినా దీపపు సరఫరా పక్క తీగలోనికి దూకి, బోర్డుమీది సూక్ష్మమైన ఫ్యూజు పోతుంది. అప్పటివరకు క్షేమంగా ఉన్న తెర కూడా చెడవచ్చు. కేబుల్ మార్చినా వెలుగు రాలేదంటే ఆ ఫ్యూజును పరీక్షించమని పనివానిని అడగండి. పాత యంత్రపు ఇన్వర్టరును నడుస్తుండగా తాకరాదు. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే దానిని నొక్కే ప్రయత్నం చేయక యంత్రాన్ని వాడడం మానుకోండి.

వానాకాలపు తేమ ఇక్కడి యంత్రాలకు ఒక పరీక్ష. మగ్గాల షెడ్ల పరిసరాలలో గాలిలో తేలే నూలు పీచు మరొకటి. పీచు పంకాను మూసివేస్తుంది, తేమ కనెక్టర్లను తినివేస్తుంది. మా అమ్మాయిలు పట్టుచీర మడతలు మార్చినంత శ్రద్ధగా కాకపోయినా, ఏడాదికొకమారు శుభ్రం చేయించడం మంచిది.

టార్చికి ఉన్న హద్దులు

ప్రతి నల్లని తెరలోనూ బొమ్మ దాగి ఉంటుందని నేను చెప్పడం లేదు. కొన్ని కొత్త యంత్రాలలో ఉన్న ఓ.ఎల్.ఇ.డి. తెరలకు వెనుక దీపం ఉండదు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. వాటికి టార్చి పరీక్ష పనికిరాదు. తెర గాజు పగిలి లోపల సిరా ఒలికినట్లు నల్లని మచ్చ వ్యాపిస్తే తెర మార్చవలసినదే. బోర్డు నిజంగా కాలిన యంత్రానికి మరమ్మతు దండుగ కూడా కావచ్చు. అట్లా నిర్ణయించిన పిమ్మట దానిని చెత్తకుప్పలో వేయక అధికృత ఈ-వ్యర్థాల సంస్థకు అప్పగించాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ఆశయం అదే. పాత గాజు గొట్టపు దీపాలలో పాదరసం ఉంటుందన్న సంగతి మరువరాదు.

కొత్తది కొనమన్న దుకాణదారుని నిందించడం నా ఉద్దేశం కాదు. పావుగంట పరీక్షకు రూపాయి ఇవ్వడానికి మనలో ఎవరూ ఇష్టపడరు. తెర మార్చితే మాత్రం మారుమాటాడక ఇస్తాము. పరీక్షకు వెల లేనిచోట మార్పిడికే వ్యాపారం సాగుతుంది. కర్మాగారంలో మోటారు ఆగిందని తీగ బిగుతు చూడకుండా మోటారు మార్చమని ఎవరైనా వ్రాస్తే ఆ కాగితంపై మనం సంతకం చేస్తామా? ఇంటి వస్తువు విషయంలోనూ ఆ పాటి విచారణ అవసరం. స్తోమత ఉన్న ఇంట అది పొదుపు. లేని ఇంట అది ఒక సంవత్సరపు స్వేచ్ఛ కావచ్చు.

మన కాలనీలలో భద్రతా సిబ్బంది, కాంట్రాక్టు కార్మికులు, ఇంటిపనికి వచ్చే చెల్లెండ్రు ఎందరో ఉన్నారు. వారి పిల్లల చదువు ఇప్పుడు ఒక పాత ల్యాప్‌టాప్ మీదనో, ఫోను మీదనో ఆధారపడి సాగుతున్నది. అటువంటి యంత్రం మన గుమ్మం ముందుకు వస్తే ఒక టార్చి, ఒక టీవీ తీగ, పావుగంట తీరిక ఇవ్వడం మనకు భారం కాదు. బొమ్మ కనిపించిన మరుక్షణం ముందుగా అందులోని కాగితాలకు మరొక ప్రతి తీయించండి. కేబుల్, దీపం, తెర అంగడిలో దొరుకుతాయి. ఆ పిల్లలు వ్రాసుకున్నది మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు.